నూట అరవయ్యా... రెండొందలా?

ఒకే రూపం, ఒకే టైర్లు, ఒకే బ్రేకులు. తేడా అంతా ఇంజిన్‌లోనే. కొడుకేమో పెద్దది కావాలంటాడు. తండ్రేమో చిన్నది చాలంటాడు. బైకు కొనే ప్రతి ఇంట్లోనూ జరిగే ఈ వాదనలో ఎవరిది ఒప్పు?

గుంటూరులో ఓ మధ్యతరగతి ఇల్లు. అబ్బాయికి విజయవాడలో ఉద్యోగం వచ్చింది. రోజూ పోనూ రానూ డెబ్భై కిలోమీటర్లు. బస్సులో వెళ్లి రావడం కష్టంగా ఉంది, బండి కొనుక్కుంటానన్నాడు. సరేనన్నారు. గొడవ అక్కడ కాదు, ఆ తర్వాత మొదలైంది.

''నాన్నా, రెండొందల సీసీ తీసుకుంటాను.''

''అంత పెద్దది ఎందుకురా? నూట అరవై చాలదూ?''

''హైవే మీద వెళ్లాలి కదా. లారీని దాటాలంటే పికప్ ఉండాలి.''

''లారీని దాటకపోతే కొంపలేం మునిగిపోవు. వెనకాలే వెళ్లు.''

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. ''ఏదైనా కొనుక్కోండి గానీ, వెనక నేను కూర్చోవడానికి వీలుందో లేదో చూడండి.'' ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి ఆ ఇంట్లో అందరికన్నా పనికొచ్చే ప్రశ్న ఆవిడదే. ఎందుకో తర్వాత చూద్దాం.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2001 చివర్లో పల్సర్ వచ్చినప్పుడు కూడా ఇదే గొడవ. అప్పుడు 150, 180 అని రెండు ఇంజిన్లతో ఒకేసారి విడుదలైంది. ఆ రోజుల్లో 180 కావాలని మారాం చేసి, ఇంట్లోవాళ్ల మాట కాదనలేక 150తో సరిపెట్టుకున్న కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు తండ్రులు. అంకెలు మారాయి, వాదన మారలేదు.

చొక్కా లేని బండి

'నేకెడ్ బైక్' అన్న మాట చెవిన పడితే ఇంట్లో పెద్దవాళ్లు ఉలిక్కిపడటం సహజం. కంగారు పడాల్సిందేమీ లేదు. రేసు బైకులకు గాలిని చీల్చుకుంటూ పోవడానికి ముందూ పక్కలా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాన్ని ఫెయిరింగ్ అంటారు. ఆ తొడుగు లేకుండా ఇంజిన్, ఫ్రేము, గొట్టాలు అన్నీ బయటికి కనిపించేదే నేకెడ్ బైకు. ఆ లెక్కన మన ఆర్‌ఎక్స్ 100 కూడా నేకెడ్ బైకే. కాకపోతే అప్పట్లో దాన్నెవరూ అలా పిలవలేదు. 1993లో ఇటలీకి చెందిన డుకాటీ కంపెనీ 'మాన్‌స్టర్' బైకును అమ్మడం మొదలుపెట్టాక తొడుగు లేకపోవడమే ఓ ఫ్యాషన్ అయింది. దాని రూపకర్త మిగెల్ గలూజీ.

తొడుగు లేకపోవడంలో లాభాలున్నాయి. హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి నడుము మరీ వంచక్కర్లేదు. ట్రాఫిక్‌లో తిప్పుకోవడం తేలిక. బండి పడితే ఖరీదైన ప్లాస్టిక్ విరిగే బెడద తక్కువ. నష్టం ఒక్కటే. గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే నేకెడ్ బైకు మీద ఎంత పెద్ద ఇంజిన్ ఉన్నా, అదే పనిగా వంద మీద వెళ్తుంటే మెడా భుజాలూ పట్టేస్తాయి.

ఒళ్లు ఒకటే, గుండెలు రెండు

రెండు ఇంజిన్ల మధ్య తేడా తెలియాలంటే మిగతావన్నీ సమానంగా ఉన్న జంట కావాలి. అలాంటి జంట పల్సర్ ఎన్‌ఎస్ 160, ఎన్‌ఎస్ 200. పెద్దది 2012లో వచ్చింది, చిన్నది 2017లో. 2023లో రెండింటికీ ఒకే రకమైన ముందు ఫోర్కులు, ఒకే సైజు టైర్లు, రెండు చక్రాలకూ ఏబీఎస్ ఇచ్చారు. ముందు డిస్కు 300 మిల్లీమీటర్లు, వెనకది 230. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, ట్యాంకు 12 లీటర్లు. ఇవేవీ తేడా లేవు. దూరం నుంచి చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం.

ఇక ఇంజిన్ సంగతి. చిన్నది 160.3 సీసీ, 17.2 పీఎస్ శక్తి, 14.6 న్యూటన్ మీటర్ల టార్క్. అయిదు గేర్లు, ఆయిల్‌తో చల్లబడే ఇంజిన్. పెద్దది 199.5 సీసీ, 24.5 పీఎస్, 18.7 న్యూటన్ మీటర్లు. ఆరు గేర్లు, రేడియేటరుతో చల్లబడే ఇంజిన్. బరువు చిన్నదానికి 152 కిలోలు, పెద్దదానికి 158. పీఎస్ అంటే దాదాపు మనం అనుకునే హార్స్‌పవరే. టార్క్ అంటే లాగుడు.

సీసీలో తేడా నలభై లోపే. శక్తిలో మాత్రం నలభై శాతానికి పైగా తేడా. 'నలభై సీసీతో ఏం ఒరుగుతుందిలే' అనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతిది. అయితే ఇంకో మెలిక ఉంది. పెద్ద ఇంజిన్ ఆ 24.5 పీఎస్ మొత్తం ఇచ్చేది నిమిషానికి 9,750 తిరుగుళ్ల దగ్గర. ఊళ్లో ట్రాఫిక్‌లో సగటు మనిషి మూడు నుంచి అయిదు వేల మధ్యే నడుపుతాడు. అంటే డబ్బిచ్చి కొన్న బలంలో చాలా భాగం ఊళ్లో ఉన్నంతసేపూ నిద్రపోతూనే ఉంటుంది.

ఒక్కో గుర్రానికి ఎన్ని కిలోలు?

షోరూంలో చెప్పే శక్తి బండిదే. దాని మీద మనిషి ఎక్కాక లెక్క మారిపోతుంది. ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోగలిగిన లెక్క ఇది. బండి బరువుకు మనుషుల బరువు కలిపి, మొత్తాన్ని పీఎస్‌తో భాగించండి. ఒక్కో గుర్రం ఎన్ని కిలోలు లాగాలో తెలుస్తుంది.

నడిపే మనిషి 70 కిలోలనుకుందాం, వెనక కూర్చునేవాళ్లు 60.

నూట అరవై మీద ఒక్కరే వెళ్తే ఒక్కో గుర్రానికి దాదాపు 13 కిలోలు. అదే ఇద్దరైతే 16 కిలోలు దాటుతుంది.

రెండొందల మీద ఒక్కరైతే 9 కిలోల చిల్లర. ఇద్దరైతే దాదాపు 12 కిలోలు.

చూశారా తమాషా! రెండొందల బండి మీద ఇద్దరు వెళ్లడమూ, నూట అరవై మీద ఒక్కరే వెళ్లడమూ దాదాపు ఒకటే. అసలు ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఎప్పుడూ ఒంటరిగా తిరిగేవాడికి నూట అరవై ఎలా అనిపిస్తుందో, రోజూ స్నేహితుణ్నో భార్యనో ఎక్కించుకునేవాడికి రెండొందలు అలా అనిపిస్తుంది. అందుకే 'ఎన్ని సీసీ' అని అడిగేముందు 'వెనక ఎవరు, వారానికి ఎన్ని రోజులు' అని అడగాలి. వంటింట్లోంచి అమ్మ అడిగింది అదే.

ఏ దారిన తిరుగుతుంది?

ఊళ్లోనే తిరిగేవాడికి, అంటే బెంజి సర్కిల్ నుంచి భవానీపురం దాకానో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకానో వెళ్లేవాడికి, నూట అరవై హాయి. ఆరు కిలోలు తక్కువ, ఒక గేరు తక్కువ. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే రేడియేటరు ఫ్యాను తిరిగి వేడిగాలి కాళ్లకు కొట్టే బాధా లేదు.

ఘాట్ రోడ్డు కథ వేరు. అరకుకో, శ్రీశైలానికో ఇద్దరూ సామానుతో ఎక్కాలంటే పెద్ద ఇంజిన్ సుఖం తెలుస్తుంది. నూట అరవై ఎక్కలేదని కాదు. ఎక్కుతుంది. కాకపోతే మాటిమాటికీ గేరు తగ్గించాలి, ఇంజిన్ అరుస్తుంది. రెండొందలకు ఆ శ్రమ తక్కువ. గంటల తరబడి సాగే ప్రయాణంలో ఇంజిన్ వేడిని అదుపులో పెట్టడంలోనూ రేడియేటరుదే పైచేయి.

మిగిలింది హైవే. కుర్రకారు వాదనంతా దీని మీదే. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన గరిష్ఠ వేగం ప్రకారం ద్విచక్ర వాహనాలు నాలుగు వరుసల రహదారి మీద గంటకు 80 కిలోమీటర్లు, మున్సిపల్ పరిధిలో 60 దాటకూడదు. కొన్ని చోట్ల ఇంకా తక్కువే. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంలోకైతే బైకులకు ప్రవేశమే లేదు. ఈ రెండు బండ్లూ 80 దాటి సునాయాసంగా వెళ్తాయి. కాబట్టి రెండొందలు కొనడం వల్ల చట్టప్రకారం వెళ్లగలిగే వేగం ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. పెరిగేది ఆ వేగం అందుకునే చురుకుదనం. అరవైలో ఉండి లారీని దాటి ఎనభైకి చేరడానికి పట్టే సమయం తగ్గుతుంది. ఇద్దరు ఎక్కినప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ విషయంలో కొడుకు మాట ఒప్పే.

మరి సమయం కలిసొస్తుందా? గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు. సగటున 60లో వెళ్తే 35 నిమిషాలు, 80లో వెళ్తే 26. దారి పొడుగునా ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్తే కలిసొచ్చేది తొమ్మిది నిమిషాలు. కాజ టోల్‌గేటు, మంగళగిరి, వారధి దగ్గర రద్దీ కలుపుకుంటే అదీ మిగలదు.

చిన్నదైతే భద్రమా?

ఇప్పుడు తండ్రి వాదన. చిన్న బండి కొనిస్తే పిల్లాడు క్షేమంగా ఉంటాడని ఆయన నమ్మకం. కన్నవాళ్లందరి నమ్మకమూ అదే. కానీ నూట అరవై కూడా వంద దాటుతుంది. వందలో పడిన మనిషికి ఇంజిన్ సైజుతో పని లేదు. నూట అరవై కొనిచ్చాం కదా అని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవడానికి వీల్లేదు.

బ్రేకుల లెక్క చూడండి. రెండు బండ్లకూ అవే డిస్కులు, అవే టైర్లు. పొడి రోడ్డు మీద, గట్టిగా బ్రేకు వేస్తే, 60లో ఉన్న బండి ఆగడానికి సుమారు 20 మీటర్లు పడుతుంది. ప్రమాదాన్ని చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే ఆ సెకనులోనే మరో 17 మీటర్లు పోతుంది. మొత్తం 37. అదే 90లో ఉంటే? ఆగడానికి 45, ఆ సెకనుకు 25. మొత్తం 70 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, ఆగే దూరం దాదాపు రెట్టింపయింది. గేదె అడ్డం వచ్చినప్పుడు, ఆటో హఠాత్తుగా తిరిగినప్పుడు ప్రాణం నిలిపేది ఆ దూరమే. అందులో సీసీ పాత్ర ఏమీ లేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. అదే ఏడాది హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన అంకెలివి. ఇంకో వైపు చూస్తే, 2021 సెప్టెంబరు 10న, వినాయక చవితి రోజున, హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దాటాక హీరో సాయిధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైకు మీంచి పడిపోయారు. తీవ్రంగా గాయపడి, చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. హెల్మెటే తనను కాపాడిందని ఆ తర్వాత ఆయన అనేకసార్లు చెప్పారు.

తండ్రులు గుర్తుంచుకోవాల్సిన మాట ఇంకోటుంది. పద్దెనిమిది నిండని పిల్లలకు గేరు బండి ఇవ్వడం నేరం. 2019 సవరణ తర్వాత వాళ్లు బండి నడిపి చట్టాన్ని ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు శిక్ష. అక్కడ నూట అరవయ్యా రెండొందలా అన్న ప్రశ్నే లేదు.

జేబు లెక్క

ఈ రెండింటి షోరూం ధరల్లో తేడా సుమారు పది, పన్నెండు వేలు. బండి ధరను బట్టే లైఫ్ ట్యాక్స్ కాబట్టి ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి తేడా ఇంకొంచెం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ లాభం రెండింటికీ సమానమే. 350 దాటితే మాత్రం 40 శాతం.

ఇన్సూరెన్స్ విషయంలో చాలామంది పొరబడతారు. చిన్న బండికి ప్రీమియం తక్కువనుకుంటారు. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా ఒకటే గీత. ఏడాదికి 1,366 రూపాయలు. 150 లోపైతే 714. అంటే నూట అరవై కొన్నవాడు పది సీసీ కోసం రెండొందల వాడితో సమానంగా కడతాడు. ప్రీమియంలో ఆదా కావాలంటే 150 లోపు బండి చూసుకోవాలి.

పెట్రోలు లెక్క నడిపే చేతిని బట్టి ఉంటుంది. నూట అరవై లీటరుకు 40, రెండొందలు 35 ఇస్తుందనుకుందాం. మన గుంటూరు అబ్బాయి నెలకు పాతిక రోజులు తిరిగితే 1,750 కిలోమీటర్లు. చిన్నదానికి దాదాపు 44 లీటర్లు, పెద్దదానికి 50. లీటరు నూట పది రూపాయల లెక్కన నెలకు దాదాపు ఏడు వందల తేడా. ఏడాదికి ఎనిమిది వేలు దాటుతుంది. దీనికి తోడు పెద్దదానికి కూలెంట్ చూసుకోవాలి, స్పార్కు ప్లగ్గులు మూడు. చిన్నదానికి రెండే.

పాత బండి అయితే...

'సెకండ్ హ్యాండ్‌లో రెండొందలే వస్తుంది కదా, కొత్త నూట అరవై ఎందుకు' అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు సీసీ కన్నా ముందు తయారైన ఏడాది చూడాలి. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకు ముందువాటిలో చాలావాటికి అది లేదు. ఈ జంటలో రెండు చక్రాలకూ ఏబీఎస్ వచ్చింది 2023లో. తడి రోడ్డు మీద సడన్‌గా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని జారిపోకుండా కాపాడేది అదే. ఏబీఎస్ లేని పాత రెండొందల కన్నా, ఏబీఎస్ ఉన్న కొత్త నూట అరవై ఎన్నో రెట్లు నయం. అక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు.

షోరూంకి వెళ్లినప్పుడు

ఇంజిన్ ఆపి బండిని నాలుగడుగులు వెనక్కి నెట్టి చూడండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగమైనా నేలకు గట్టిగా ఆనాలి. ఇరుకు రోడ్డులో యూటర్న్ తిప్పి చూడండి. టెస్ట్ రైడ్ ఒక్కరే చేసి వచ్చేయకండి. వెనక కూర్చోబోయేవాళ్లను ఎక్కించుకుని అవే రెండు వీధులు రెండు బండ్ల మీదా తిరగండి. వేగం ఎంత పోతుందో కాదు, ముప్ఫై నుంచి అరవైకి ఎలా లేస్తుందో, అరవై నుంచి ఎలా ఆగుతుందో గమనించండి.

వెనక సీటు ఇంకా ముఖ్యం. ఇలాంటి బైకుల్లో అది ఎత్తుగా, చిన్నదిగా ఉంటుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అలవాటున్న అమ్మకు అది ఇబ్బందే. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, చీర గార్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. 'అందం పోతుంది' అని చీర గార్డు తీసేయించడం కుర్రాళ్లకు మామూలు. అమ్మ ఎక్కే బండికి ఆ పని చేయకూడదు.

చివరికి ఏమైంది?

గుంటూరు ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం కాగితం, కలం బయటికొచ్చాయి. రోజూ వెళ్లేది ఒక్కడే. వెనక ఎవరైనా ఎక్కేది వారానికి ఒక్కరోజు, అదీ ఊళ్లోనే. నెలకు ఏడు వందల పెట్రోలు, ముందే పన్నెండు వేల తేడా. ''నాన్నా, మనకి నూట అరవై సరిపోతుంది'' అని కొడుకే అన్నాడు. తండ్రి గెలిచానని సంతోషించేలోపు ఇంకో మాట కూడా అన్నాడు. ''కానీ ఆ పన్నెండు వేలు మిగిలాయనుకోవద్దు. వాటికి వేరే ఖర్చుంది.''

పక్క వీధి అబ్బాయి కథ మరోలా ఉంటుంది. రోజూ భార్యను ఆఫీసు దగ్గర దించి వెళ్లేవాడు, నెలకోసారి ఇద్దరూ కలిసి ఊరెళ్లేవాడు రెండొందలు తీసుకుంటే తప్పు పట్టాల్సింది లేదు. అది హోదా కాదు, అవసరం. అదే బండి ఒంటరిగా తిరిగేవాడు పక్కవాడికి చూపించడానికి కొంటే, కట్టే వాయిదాలో కొంత భాగం పక్కవాడి కోసం కడుతున్నట్టే.

సాయంత్రం తండ్రీకొడుకులు బజారుకెళ్లి వచ్చారు. బండి ఇంకా రాలేదు. టేబులు మీద మాత్రం ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు, ఒక జత గ్లౌజులు, ఒక జాకెట్ ఉన్నాయి.

''రెండో హెల్మెట్ ఎవరికిరా?'' అడిగింది అమ్మ.

''నీకేనమ్మా. వచ్చే ఆదివారం మంగళగిరి వెళ్దాం. ముందు ఇది నీకు సరిగ్గా పట్టిందో లేదో చూద్దాం, పెట్టుకో.''